మాటకు ముందే బొమ్మ వస్తే

కాజీపేటలో రైలు పట్టాల పక్కన కాపురం అంటే ఏమిటో ఇన్నేళ్లుగా నాకు తెలుసనుకున్నాను. పాఠం రికార్డు చేయడానికి కూర్చున్నాకే తెలిసింది, నాకేమీ తెలియదని. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే లైనూ సికింద్రాబాద్ నుంచి వచ్చే లైనూ కలిసేది ఇక్కడే. ప్రయాణికుల బండ్లనైతే టైం చూసుకుని తప్పించుకోవచ్చు. గూడ్సు బండికి టైం ఎక్కడిది? నేను గొంతు సవరించుకుని "గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కాక" అనగానే బొగ్గు వ్యాగన్లు మొదలు. మైకు ముందు నోరు మూసుకుని, అవన్నీ పోయేదాకా కూర్చోవాలి. పోయాక మళ్లీ "గణపతిదేవుడు 1199లో". ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చెప్పానో ఆ రాజుకు తెలిస్తే జాలిపడేవాడు.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పోయిన ఏడాది వేసవి సెలవులకు ముందు, లెక్చరర్లు ఒక్కొక్కరూ తమ సబ్జెక్టులో ఒక యూనిట్‌ను ఆన్‌లైన్ పాఠాలుగా తయారు చేయాలన్నారు. నా వాటాకు కాకతీయుల చెరువులు వచ్చాయి. వచ్చాయి అంటే నేనే అడిగి తీసుకున్నాను. యుద్ధాలూ వంశవృక్షాలూ ఎవరైనా చెప్పుకోనీ, చెరువులు మాత్రం నావి.

2020లో లాక్‌డౌన్ అప్పుడు అందరిలాగే నేనూ ఫోనును పప్పు డబ్బాకు ఆనించి క్లాసులు చెప్పాను కాబట్టి, ఇది పెద్ద పని కాదనుకున్నాను. కాలేజీలో ప్రొజెక్టర్ ఉన్న గదిలో స్లైడ్లు వేసి, పక్కన నిలబడి, ఎప్పటిలాగే పాఠం చెప్పాను. మా ల్యాబ్ అసిస్టెంట్ ఫోనుతో తీశాడు. చూసుకుంటే తెర మీద అక్షరాలు బాగున్నాయి, నేను మాత్రం నల్లటి నీడ. ఫోను కెమెరా ఎక్కువ వెలుగున్న చోటును చూసి తనను తాను సర్దుకుంటుందట. నా మొహం మీద వేలు పెట్టి నొక్కి మళ్లీ తీశాడు. ఈసారి నేను బాగున్నాను, తెర తెల్లగా పాలిపోయింది. పైగా ట్యూబ్‌లైటు వల్ల వీడియోలో చారలు పరుగెత్తుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది. కెమెరా షట్టర్‌ను సెకనులో యాభయ్యో వంతుకో వందో వంతుకో పెడితే చారలు పోతాయి. ఈ సంగతి అప్పుడు మా ఇద్దరికీ తెలియదు. లైటు ఆర్పేశాం. అప్పుడు నేను కూడా ఆరిపోయాను.

రెండో ప్రయత్నం ఇంట్లో. ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు నడుపుతూ తెరను రికార్డు చేశాను, వెనకాల నా గొంతు. శుభ్రంగా వచ్చింది. గర్వంగా ఫైనలియర్ పిల్లలకు పంపితే ఒకమ్మాయి "బాగుంది మేడమ్" అని పెట్టి, ఐదు నిమిషాలకు "మీరు కనబడితే ఇంకా బాగుండు" అని పెట్టింది. ఇంకొకడు నిజం చెప్పాడు. "సగంల నిద్రపోయిన మేడమ్."

అప్పుడే మా చెల్లె కొడుకు సెలవులకు వచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం. మధ్యాహ్నం దాకా పడుకుని లేచి, నా అవస్థ చూసి, చాయ్ తాగుతూ అన్నాడు:

"పెద్దమ్మా, నువ్వు రెండిటినీ ఒకే వీడియోల కుక్కుతున్నవ్. అందుకే ఇన్ని తిప్పలు. నీ వీడియో వేరే ఉంచు, స్లైడ్లు బొమ్మలుగ వేరే ఉంచు. ఏ నిమిషానికి ఏ బొమ్మ రావాల్నో ఒక పట్టీ రాద్దాం. వెబ్ పేజీ ఆ పట్టీ చూసుకుంట బొమ్మలు మారుస్తది."

"అట్ల అయితదా?"

"ఎందుకు కాదు? నేను పుట్టకముందు నుంచే అయితుంది."

వాడన్నది నిజమే. వెబ్ ప్రమాణాలు తయారు చేసే డబ్ల్యూత్రీసీ 1998 జూన్‌లోనే స్మైల్ అనే భాషను విడుదల చేసింది. ఈ వీడియో ఇప్పుడు, ఈ బొమ్మ దానితోపాటు, ఈ మాట దాని తర్వాత అని రాసుకోవడానికే ఆ భాష. ఇప్పుడు దాన్ని ఇలాంటి పనికి వాడేవాళ్లు తక్కువ, ఆ పని బ్రౌజరే చేస్తుంది. నాకైతే ఇంకా పాత సంగతి గుర్తొచ్చింది. 1984 ఆగస్టు 15న యూజీసీ వాళ్లు దూరదర్శన్‌లో కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ మొదలుపెట్టారు. ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది, అయినా చూసేదాన్ని. ఎందుకంటే అందులో మనిషి మాట్లాడుతుండగానే గ్రాఫు వచ్చేది, గ్రాఫు పోయి మళ్లీ మనిషి వచ్చేవాడు. అది చేయడానికి వాళ్లకు స్టూడియో కావాల్సి వచ్చింది. నాకు మా చెల్లె కొడుకు దొరికాడు.

విడివిడిగా ఉంచడంలో అసలు లాభం నాకు లెక్క వేశాక అర్థమైంది. మా పిల్లల్లో సగం మంది ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు నుంచి వస్తారు. సెలవుల్లో ఊళ్లో సిగ్నల్ ఉన్న చోటికి పోయి పాఠం చూసుకునేవాళ్లున్నారు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకుల మీద బతుకు. స్లైడులోని అక్షరాలు స్పష్టంగా కనబడేటట్టు 24 నిమిషాల వీడియోను సెకనుకు 1.5 మెగాబిట్ల చొప్పున చేస్తే 270 ఎంబీ అవుతుంది. అదే నా మొహం చిన్న కిటికీలో, సెకనుకు 250 కిలోబిట్లు, గొంతుకు 64 కిలోబిట్లు పెడితే మొత్తం 57 ఎంబీ లోపే. స్లైడు కదలదు కాబట్టి ఒక్కోటి నూట ఇరవై కేబీ బొమ్మ, 31 స్లైడ్లకు నాలుగు ఎంబీ కూడా కాలేదు. మొత్తం కలిపి 60 ఎంబీ దగ్గర ఆగింది. నా మొహం కొంచెం మసకగా ఉంటే నష్టమేమీ లేదు, చెరువు నీళ్లు వదిలే తూము బొమ్మ మసకగా ఉంటే పాఠమే లేదు.

ముందు స్లైడ్లు సరిచేయాలి. నా పాత స్లైడ్లన్నీ పదేళ్ల కింద చౌరస్తా దగ్గర డీటీపీ చేయించినవి. యూనికోడ్ కాదు, పాత ఫాంట్లు. వాడి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే కాకతీయులు పోయి, ఇంగ్లిష్ అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలిసిన జాతర కనబడింది. మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, చాలావరకు మార్చింది కూడా. కాని వత్తుల దగ్గర అది తడబడింది, రావత్తు ఉన్న చోటల్లా అనుమానమే. చివరికి అన్నీ మళ్లీ టైపు చేసుకోవడమే మేలైంది. టైపు చేసేటప్పుడే సగం మాటలు కొట్టేశాను. పాత స్లైడులో పన్నెండు లైన్లుండేవి, నేను తెర వైపు తిరిగి చదివేదాన్ని. ఆరంగుళాల ఫోనులో పన్నెండు లైన్లు చీమల బారే. ఐదు లైన్లు దాటొద్దని పెట్టుకున్నాను. ఫోనును చేయి చాపి పట్టుకుంటే చదవగలగాలి, అదే నా కొలత.

అన్నీ అయ్యాక స్లైడ్లను బొమ్మలుగా భద్రపరిచాం. బొమ్మ అయిపోతే ఇక ఫాంట్ గొడవ ఉండదు, ఎవరి ఫోనులోనైనా తెలుగు తెలుగులాగే ఉంటుంది.

ఫొటోలు ఎవరివో తీసి పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక ఆదివారం మా ఆయన బండి మీద రామప్ప గుడి ఉన్న పాలంపేట పోయాం. ఇంకో ఆదివారం నర్సంపేట దాటి పాకాల చెరువు. రామప్ప దగ్గర అందరూ గుడి ఫొటోలు తీసుకుంటున్నారు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. నేనేమో గుడికి దండం పెట్టుకుని, చెరువు కట్ట మీదికి పోయి తూము ఫొటోలు తీశాను. ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే ఈ చెరువూ తవ్వించాడంటారు. "గుడికి తీసుకొచ్చి తూము చూపిస్తున్నవ్" అని మా ఆయన వారం రోజులు దెప్పాడు.

ఇక రికార్డింగ్. మే నెల. ఫ్యాను వేస్తే మైకులో గాలి హోరు, ఆపితే నా చీర తడిసిపోయేంత చెమట. పడకగదిలో దుప్పట్లు తాళ్ల మీద వేలాడదీస్తే గొంతు ప్రతిధ్వని తగ్గింది, వేడి రెట్టింపైంది. పొద్దున నాలుగున్నరకు లేచి ఆరింటి లోపల ముగించడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు కూలర్లు ఆపేస్తారు, పక్కింటి మిక్సీ ఇంకా లేవదు. రైళ్లొక్కటే.

ఫోను మూడడుగుల దూరంలో ఉంటుంది కదా, దాని మైకు గదినంతా వింటుంది. అందుకని చీర అంచుకు చిన్న మైకు తగిలించుకుని దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపాను. బొమ్మ ఫోనులో, గొంతు ల్యాప్‌టాప్‌లో. రెండూ ఆన్ చేసి, కెమెరా ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. చేతులు కలిసిన బొమ్మనూ చప్పుడునూ ఎడిటింగులో ఒక దగ్గరికి తెస్తే రెండూ కలిసిపోతాయి. సినిమా వాళ్లు క్లాప్ కొట్టేది ఇందుకేనని నాకు అప్పుడు తెలిసింది. అదేదో శుభం కోసం కొడతారనుకునేదాన్ని.

మొదటి పాఠం కలిపి చూశాం. మొదట్లో పెదాలూ మాటా సరిగ్గా ఉన్నాయి. పది నిమిషాలకు ఏదో తేడా, కాని పట్టుకోలేను. ఇరవై నిమిషాలు దాటేసరికి నేను నోరు మూశాక కూడా మాట వస్తోంది, డబ్బింగ్ సినిమా లాగా. చివరికి అర సెకను తేడా తేలింది. చప్పట్ల దగ్గర సరిగ్గా కలిపాం కదా, మధ్యలో ఎట్లా విడిపోయాయి?

రెండు గడియారాలు అన్నాడు వాడు. ఫోను తన గడియారం ప్రకారం రికార్డు చేస్తుంది, ల్యాప్‌టాప్ తన గడియారం ప్రకారం. ఒకదాని సెకను ఇంకోదాని సెకను కంటే మూడు వేలలో ఒక వంతు పొడవైనా చాలు, 24 నిమిషాలకు అర సెకను అవుతుంది. పైగా ఫోను వెలుతురును బట్టి, తన ఓపికను బట్టి సెకనుకు ఒకసారి 30 ఫ్రేములు, ఒకసారి 28, ఒకసారి 26 తీస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నీ 30 అనుకుని లెక్క వేస్తుంది. గొంతు రికార్డింగ్ 44.1 కిలోహెర్ట్జ్‌లోనా 48లోనా అన్నది కూడా చూసుకోవాలి. ఒకదాన్ని ఇంకొకటనుకుని ఆడిస్తే గొంతే మారిపోతుంది.

వాడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీడియోను సెకనుకు సమంగా 25 ఫ్రేములుగా మార్చాడు. ఆ మిగిలిన కొంచెం తేడాకు గొంతును వెంట్రుకవాసి కుదించాడు. తర్వాతి పాఠాలకు ఇంకా సులువు మార్గం దొరికింది. పాఠం చివర కూడా ఒకసారి చప్పట్లు కొట్టేదాన్ని. రెండు చప్పట్ల మధ్య రెండు రికార్డింగుల్లో ఎంతెంత ఉందో చూస్తే ఎంత కుదించాలో, ఎంత సాగదీయాలో లెక్క తేలిపోతుంది.

ఈ అర సెకను గురించి ఒక మాట. వడ్డెపల్లి చెరువు దగ్గర చాకిరేవు చూసినవాళ్లకు తెలుసు, అవతలి ఒడ్డున చాకలి బట్టను బండ మీద కొట్టాక, బట్ట మళ్లీ పైకి లేస్తుండగా మనకు చప్పుడు వినిపిస్తుంది. నూటయాభై మీటర్ల దూరమైతే దాదాపు అర సెకను. అందుకే చప్పుడు కొంచెం ఆలస్యమైతే మన మెదడు సర్దుకుంటుంది. ముందు వస్తే మాత్రం ఊరుకోదు, బట్ట బండకు తగలకముందే చప్పుడు రావడం ఎక్కడా చూడలేదు కదా. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణంలో కూడా ఇదే ఉంది. ధ్వని 45 మిల్లీసెకన్లు ముందుంటేనే జనం పట్టేస్తారు, వెనకైతే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోరు.

ఆ తర్వాత టైమింగుల పట్టీ. ఈ పని నాకు నచ్చింది, ఎందుకంటే ఇది నోట్సు రాసుకోవడం లాంటిది. పాత అటెండెన్స్ రిజిస్టర్ ఒకటి తీసి, వీడియో ఆడిస్తూ ఏ మాట దగ్గర ఏ స్లైడు రావాలో గీతలు కొట్టిన గళ్లలో రాసుకున్నాను. 3 నిమిషాల 42 సెకన్లు, ఏడో స్లైడు, కట్ట. 4 నిమిషాల 10 సెకన్లు, ఎనిమిదో స్లైడు, తూము. దాన్ని వెబ్‌వీటీటీ అనే ఫైలుగా నోట్‌ప్యాడ్‌లో టైపు చేయాలి. సబ్‌టైటిల్స్ కోసం పుట్టిన పద్ధతి అది. మాటల బదులు స్లైడు పేరు పెట్టుకుంటే మన పనికీ వస్తుంది.

టైపు చేసి పేజీ తెరిస్తే ఏ స్లైడూ రాలేదు. వాడు హైదరాబాద్ పోయాడు ఆ రోజు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కూర్చున్నాను. మొదటి తప్పు, నేను వీటీటీ అని పేరు పెట్టినా చివర టీఎక్స్‌టీ అని ఒక తోక తగిలి ఉంది, కంప్యూటర్ దాన్ని దాచిపెట్టింది. తోక తీశాను. అయినా రాలేదు. ఫోన్ చేస్తే వాడు ఫైలు ఫొటో తీసి పంపమన్నాడు, చూసి నవ్వాడు. మిల్లీసెకన్ల ముందు నేను కామా పెట్టాను, చుక్క పెట్టాలి. ఎస్ఆర్‌టీ అనే అన్నలాంటి ఇంకో పద్ధతి ఉంది, దాంట్లో కామా. ఇంటర్‌నెట్‌లో నేను చూసి రాసుకున్న నమూనా ఆ అన్నది. 31 లైన్లు, ఒక్కో లైనులో రెండు కామాలు, మొత్తం 62 కామాలను చుక్కలుగా మార్చాను. స్లైడ్లు వచ్చాయి, కాని కింద శీర్షికల చోట తెలుగు బదులు ప్రశ్నార్థకాలు. ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో భద్రపరచాలి. ఒక్క చుక్కకూ ఒక్క తోకకూ ఒక్క యూటీఎఫ్‌కూ ఒక దినం పోయింది. శాసనాలు చదివేవాళ్లు ఒక అక్షరం దగ్గర ఏళ్లు కొట్టుకోవడం నాకు వింతగా ఉండేది.

ఇంకో తప్పు నాది కాదు, వాడిది. వాడు రాసిన పేజీ మొదట్లో, టైం రాగానే తర్వాతి స్లైడుకు పోయేది. వరుసగా చూస్తే బాగుండేది. వెనక్కి లాగి మళ్లీ విందామంటే నేను పాకాల గురించి మాట్లాడుతుంటే తెర మీద లక్నవరం చెరువు ఉండేది. పేజీకి తెలిసింది ముందుకు లెక్కపెట్టడం ఒక్కటే. మళ్లీ చూడటం కోసమే కదా రికార్డు చేసిన పాఠం! వాడు మార్చాడు. ఇప్పుడు పేజీ లెక్కపెట్టదు. వీడియో ఆడుతుంటే బ్రౌజర్ సెకనుకు కనీసం నాలుగుసార్లు "ఇప్పుడు ఇంత టైం" అని చెబుతుంది, అప్పుడల్లా ఈ టైం ఏ స్లైడు హద్దులో పడుతుందో పట్టీలో వెతుకుతుంది. ముందుకు లాగినా వెనక్కి లాగినా సరైన బొమ్మే. అలాగే, స్లైడు పేరు మీద నొక్కితే వీడియో ఆ మాట దగ్గరికి పోతుంది. మా పిల్లలు ఎక్కువ వాడింది ఇదే, పరీక్షల ముందు ముఖ్యంగా.

టైమింగులన్నీ రాసుకున్నాక ఆరో నిమిషంలో ఒక దగ్గు కనిపించింది. నాలుగు సెకన్ల దగ్గు. దాన్ని కోసేస్తే ఆ తర్వాతి స్లైడ్లన్నీ నాలుగు సెకన్లు ఆలస్యం. మళ్లీ రిజిస్టర్, మళ్లీ తీసివేతలు. ఆ దగ్గుతో ఒకటి ఖాయమైంది. వీడియో కోతలన్నీ అయ్యేదాకా టైమింగుల జోలికి పోవద్దు.

ఇదంతా అయ్యాక పాఠం పూర్తయిందనుకున్నాను. జూన్‌లో కాలేజీ తెరిచాక ఒకమ్మాయిని స్టాఫ్ రూములో నా పక్కన కూర్చోబెట్టి చూడమన్నాను. మా క్లాసులో శ్రద్ధగా వినే పిల్ల. వీడియోలో నేను తూము గురించి చెబుతున్నాను. చెరువు లోపలి వైపు రెండు రాతి స్తంభాలు, మధ్యలో అడ్డంగా రాతి పలకలు, ఆ పలకల కన్నాల గుండా కిందికి దిగే కర్ర, కర్ర చివర రంధ్రాన్ని మూసే బిరడా. కర్రను పైకి లేపితే నీళ్లు కట్ట కింది నుంచి కాలువలోకి పోతాయి. తెర మీద చెరువు బొమ్మ మొత్తం ఉంది, అందులో కట్ట, తూము, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి, కాలువ, నాలుగు పేర్లూ రాసి ఉన్నాయి.

ఆ పిల్ల కళ్లు చూశాను. స్లైడు రాగానే నాలుగు పేర్లూ చదివేసింది. మత్తడి దగ్గర కళ్లు ఆగాయి. నేను ఇంకా కర్ర దగ్గరే ఉన్నాను. అయ్యాక అడిగాను, బిరడా ఎక్కడుంటుందని. 

"మత్తడి దగ్గర, మేడమ్."

సింక్ సరిగ్గానే ఉంది. 4 నిమిషాల 10 సెకన్లకు రావాల్సిన స్లైడు 4 నిమిషాల 10 సెకన్లకే వచ్చింది. కాని ఆ స్లైడులో నేను ఇంకా నాలుగు నిమిషాల తర్వాత చెప్పబోయే మాట కూడా ఉంది. ఆమె నన్ను దాటి ముందుకు పోయింది.

ఆ రాత్రి నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. జనగామ దగ్గర, మగ్గాలున్న వాడ. పద్మశాలీల దగ్గరికి కూనపులి వాళ్లు వచ్చి పటం కథ చెప్పేవాళ్లు. మార్కండేయ పురాణం. చేర్యాల నకాషీ వాళ్లు గుడ్డ మీద గీసిన పటం, మూడడుగుల వెడల్పు, విప్పితే వీధి పొడవుంటుందేమో. కాని ఎప్పుడూ మొత్తం విప్పగా నేను చూడలేదు. కథ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకే పటం. చెప్పేవాడు కర్రతో బొమ్మను చూపిస్తూ పాడతాడు, పాట అయ్యేదాకా కర్ర బొమ్మ మీదనే. తర్వాతి బొమ్మ చుట్టలోనే ఉంటుంది. కింద ఏముందో చూద్దామని మేం పిల్లలం వంగి వంగి తొంగిచూసేవాళ్లం, ఆయన కర్రతో అదిలించేవాడు. ఆ పటం మొత్తం ఒకేసారి విప్పి గోడకు కడితే మేం బొమ్మలు చూసుకుని ఇళ్లకు పోయేవాళ్లం. ఆయన పాడుకుంటూ ఉండేవాడు.

ఆ ఒక్క చెరువు స్లైడును తొమ్మిది స్లైడ్లు చేశాను. మొదటిది ఉత్త నీళ్లూ కట్టా, పేర్లు లేవు. నేను "కట్ట" అన్నాక కట్ట అనే పేరు. తూము అన్నాక తూము. తర్వాత తూమును మాత్రమే పెద్దది చేసి, స్తంభాలు ఒకటి, పలకలు ఒకటి, కర్ర ఒకటి, బిరడా ఒకటి. మత్తడి పేరు నేను మత్తడి గురించి మాట్లాడేదాకా ఎక్కడా రాదు. ఇంకా, ప్రతి స్లైడునూ అర సెకను ఆలస్యంగా వచ్చేటట్టు జరిపాను. ముందు మాట చెవిన పడాలి, ఆ వెంటనే బొమ్మ. అంతకుముందు నేను మాటకు ముందే స్లైడు మార్చేదాన్ని, క్లాసులో అదే అలవాటు కాబట్టి. క్లాసులో పరవాలేదు, వేలు పెట్టి చూపిస్తాం, "ఇటు చూడండి" అంటాం. తెర మీద నాకు వేలు లేదు.

మాటా బొమ్మా ఒకేసారి అందాలని, చెప్పే మాటలనే తెర మీద మళ్లీ రాస్తే మేలు కంటే కీడే ఎక్కువని రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నో ప్రయోగాలు చేసి చెప్పాడట. మా చెల్లె కొడుకు పంపితే చదివాను. కూనపులి ఆయనకు ఇది పంపే వీలుంటే బాగుండేది. 2014లో ఎడెక్స్ అనే వెబ్‌సైట్ ఆన్‌లైన్ పాఠాల మీద చేసిన పరిశీలన కూడా వాడే పంపాడు. వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి నిలబడడం లేదని దాని సారాంశం. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కు అలవాటైన నోరు నాది, మొదట కోపం వచ్చింది. తర్వాత 24 నిమిషాల పాఠాన్ని నాలుగు ముక్కలు చేశాను. మనసుకు కష్టంగానే ఉంది గాని, దగ్గు కోసినప్పుడు సరిచేయాల్సిన టైమింగులు కూడా నాలుగో వంతుకు తగ్గాయి.

అంతా అయ్యాక పిల్లలు ఏమన్నారంటే, "లింకు వద్దు మేడమ్, గ్రూపులో వీడియో పెట్టుండ్రి."

నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. కాని వాళ్ల తప్పేం లేదు. ఊళ్లో ఒకడు దించుకుంటే పదిమంది ఫోనుల్లోకి పోతుంది. లింకుకు ప్రతిసారీ సిగ్నల్ కావాలి. అందుకని ఇంకో రూపం కూడా చేశాం. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్లైడు పెద్దగా, మూలన నా వీడియో చిన్నగా పెట్టి, అదే పట్టీ ప్రకారం ఆడిస్తూ ఒకే వీడియోగా రికార్డు చేశాం. ఇందులో ఒక చిన్న జాగ్రత్త, రికార్డింగ్ ఎంకేవీ అనే ఫైలు రకంలో పెట్టుకుని తర్వాత ఎంపీ4గా మార్చుకోవాలి. ఎంపీ4లో నేరుగా తీస్తుంటే మధ్యలో కరెంటు పోతే ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా అయింది మిగులుతుంది. మా వీధిలో మేలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. గ్రూపులో వీడియోగా పెడితే యాప్ దాన్ని చిన్నది చేసి అక్షరాలను మసక చేస్తుంది, డాక్యుమెంట్‌గా పెడితే ఉన్నదున్నట్టు పోతుంది. యూట్యూబ్‌లో పెట్టినదానికి కింద వివరణలో టైమింగులు రాస్తే అవే అధ్యాయాలవుతాయి. మొదటిది 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గొద్దు. నా తూము స్లైడ్లు కొన్ని ఐదు సెకన్లవే, వాటిని కలిపి ఒకటి చేయాల్సి వచ్చింది.

ఎనిమిది పాఠాల్లో ఆరు అయ్యాయి. పోయిన వారం ఏటూరునాగారం అబ్బాయి ఒకడు మెసేజ్ పెట్టాడు. "మేడమ్, నాలుగో పాఠంల 19వ స్లైడు తప్పున్నది. లక్నవరం కాడ పాకాల అని రాసింది." చూస్తే నిజమే. ఫొటో సరైనదే, పేరు తప్పు. వీడియో ముట్టుకోవాల్సిన పని లేదు, టైమింగులు ముట్టుకోవాల్సిన పని లేదు. ఒక్క బొమ్మ మార్చి అదే పేరుతో పెట్టాను, రెండు నిమిషాల పని. గర్వంగా చూడమన్నాను.

"ఇంక పాకాలనే ఉన్నది మేడమ్."

మా చెల్లె కొడుక్కు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి ఫోనులో పాత బొమ్మ దాచి ఉంటుంది, పేరు అదే కాబట్టి కొత్తది అడగడం లేదన్నాడు. "బొమ్మ పేరు మార్చు పెద్దమ్మా, పట్టీల గూడ మార్చు." మార్చాను. ఈసారి చుక్కల జోలికి పోలేదు.